చార్జ్ కంట్రోలర్ ఎంపిక సంఘం

కూర్మన్నపాలెం దాటాక ఎడమచేతికి వచ్చే జ్వాలానగర్ కాలనీలో, ఒక బండికి సోలార్ చార్జ్ కంట్రోలర్ కొనే కార్యక్రమం ఎలాంటి అవాంఛనీయ సంఘటనలూ లేకుండా పదకొండో నెలలోకి ప్రవేశించింది. ఈ శుభసందర్భాన్ని పురస్కరించుకుని కాలనీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో పద్దెనిమిది మంది చేతులు జోడించి నవ్వుతున్నారు. కంట్రోలర్ ఫోటో లేదు, అది ఇంకా ఎంపిక కాలేదు గనుక. బండి సొంతదారు వరహాలు ఫోటో కూడా లేదు. చోటు చాలలేదు.

వరహాలు దీనికి ఏమీ అనుకోలేదు. ఫ్లెక్సీ కట్టడానికి నిచ్చెన ఇచ్చింది ఆయనే.

వరహాలు ఉక్కు కర్మాగారంలో ముప్పై మూడేళ్లు క్రేను నడిపిన మనిషి. కరిగిన ఉక్కుతో నిండిన పెద్ద కుండను నెత్తి మీదుగా తీసుకెళ్లి, చెప్పిన చోట, చెప్పిన క్షణంలో దించేవాడు. కింద నిలబడ్డవాడు చెయ్యి ఊపితే చాలు, ఆపాలా వంచాలా అన్నది అరక్షణంలో తేల్చేసేవాడు. ఆ అరక్షణాల మీద కింద పాతికమంది ప్రాణాలు ఉండేవి. రిటైరైన మర్నాటినుంచి ఆయన్ని ఎవరూ ఏ విషయమూ అడగలేదు. కూర ఏం వండాలో కూడా అడగలేదు. అడక్కుండా వండినదే పెట్టారు, ఆయన తిన్నాడు.

ఆయన భార్య జోగమ్మకు ఒకే ఒక్క కోరిక. లంబసింగి వెళ్లి ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే లేచి మంచు చూడాలి. "ఈ ఊర్లో ముప్పై మూడేళ్లు సెమటే సూసినాను. ఒక్కపాలి సలికి పళ్లు టకటకలాడాల," అనేది. షిఫ్టులని ఒక ఏడు, పిల్ల పరీక్షలని ఒక ఏడు, మోకాళ్లని ఒక ఏడు, అలా చలికాలాలు వెళ్లిపోయాయి. హోటలు గదులు ఆవిడకు పడవు. పరాయి దుప్పట్లు అస్సలు పడవు. అందుకని వరహాలు ఎలమంచిలిలో ఒక స్కూలువాళ్లు తీసేసిన పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు పెట్టించాడు. చట్నీ లేకుండా ఏ కొండా ఎక్కనని జోగమ్మ అంటే మిక్సీ కోసం ఇన్వర్టరు కూడా బిగించాడు. పైకప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లు, మంచం కింద బ్యాటరీ. ఇక మధ్యలో ఒక డబ్బా మిగిలింది.

ఆ డబ్బా ఎందుకో వరహాలు జోగమ్మకు అరగంట విడమర్చి చెప్పాడు. పైన ప్యానెళ్లు ఎండను కరెంటు చేస్తాయి, కింద బ్యాటరీ దాన్ని దాచుకుంటుంది, ప్యానెళ్లు ఇచ్చినదంతా ఇష్టమొచ్చినట్టు బ్యాటరీలోకి కుక్కితే అది పాడైపోతుంది, అందుకని మధ్యలో ఉండి ఎంత పెట్టాలో ఎప్పుడు ఆపాలో ఈ కంట్రోలర్ చూసుకుంటుంది.

"అంటే మీ యమ్మ లాగన్నమాట," అంది జోగమ్మ. "అన్నం ఎంతెట్టాలో ఎప్పుడాపాలో ఆవిడే సూసుకునీది."

"మా యమ్మ ఎప్పుడాపింది?"

"నీకు కాదు, నాకు."

కంట్రోలర్ల గురించి కనుక్కోవడానికి వరహాలు పోయిన ఫిబ్రవరిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, నలభై ప్రశ్నలు రాసుకున్న నోట్‌బుక్ పట్టుకుని, పాత పోస్టాఫీసు దగ్గర మొహియుద్దీన్ బ్యాటరీల కొట్టుకు వెళ్లాడు. వరహాలు మొదటి స్కూటరుకి బ్యాటరీ వేసింది మొహియుద్దీనే. ఆ స్కూటరు పోయింది, తర్వాతిదీ పోయింది, పరిచయం మిగిలింది.

"ప్యానెళ్లు ఎన్ని బావా?" అన్నాడు మొహియుద్దీన్.

"రెండు. ఒక్కోటీ మూడొందల ముప్పై వాట్లు."

"బ్యాటరీ?"

"పన్నెండు వోల్టులు. లిథియం. పెద్దదే."

మొహియుద్దీన్ అరచేతిలో వేలితో ఏదో రాసుకుని, తుడిచేశాడు. "వీటిల్లో రెండు రకాలు. పీడబ్ల్యూఎం చవక, కానీ నీ పెద్ద ప్యానెల్‌కీ ఆ బ్యాటరీకీ మధ్య అదెడితే వచ్చిన కరెంటులో సగం గాలికొదిలేస్తది. ఎంపీపీటీ ఎట్టుకో. అరవై ఆంప్స్‌ది. లిథియం సెట్టింగ్ ఉన్నది సూసి ఇస్తాను. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ వైరు, తరవాత ప్యానెల్ వైరు. ఖతం."

వరహాలు నోట్‌బుక్ ఇంకా తెరవలేదు. "అంతేనా?" అన్నాడు.

"అంతే. ఇంకేటుంది?"

"ఇంకేటీ లేదా?"

"టీ ఉంది. వత్తాది, కూకో."

టీ వచ్చేసరికి మొత్తం నాలుగు నిమిషాలు అయింది. వరహాలు టీ తాగాడు గానీ మనసు కుదుటపడలేదు. రిటైరైనప్పటినుంచీ ఎవరూ ఏమీ అడగని మనిషికి అడగవలసిన ప్రశ్నలు నలభై దొరికితే, అవన్నీ నాలుగు నిమిషాల్లో అయిపోవడం అన్యాయమనిపించింది. ఆలోచించుకుని చెబుతానని లేచాడు. మొహియుద్దీన్ ఏం ఆలోచిస్తావని అడగలేదు. కొట్టు పెట్టిన నలభై ఏళ్లలో ఆలోచించుకుని వస్తామన్నవాళ్లను ఆయన చాలామందినే చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు వరహాలు కాలనీ టీకొట్టు దగ్గర ఆగి ఈ సంగతి కృష్ణంరాజు గారికి చెప్పాడు. చరిత్ర అక్కడ మొదలైంది.

కృష్ణంరాజు గారు ఒక పెద్ద సంస్థలో కొనుగోలు విభాగం చూసి రిటైరైన పెద్దమనిషి. సర్వీసు మొత్తంలో గుండుసూది కూడా పద్నాలుగు నెలలకు ముందు కొన్నారన్న మచ్చ ఆయన మీద లేదు. విషయమంతా విని, గ్లాసు కింద పెట్టి, బాధగా తల ఊపారు.

"ఒక్క దుకాణం. ఒక్క మనిషి. ఒక్క మాట. వరహాలూ, రేపు ఎవరైనా అడిగితే ఏం సమాధానం చెబుతావు?"

"ఎవరడుగుతారు రాజుగారూ? బండి నాదే, డబ్బులూ నావే."

"అదే మరీ ప్రమాదం. నిన్ను నువ్వే అడిగితే?"

ఈ కోణం వరహాలు చూడలేదు. తనని ఎవరైనా ఏదైనా అడుగుతారన్న ఊహకే ఆయనకు వెన్ను నిటారైంది. ఆ వారంలోనే ఎంపిక సంఘం ఏర్పడింది. కృష్ణంరాజు గారు చైర్మన్. కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షురాలు కామేశ్వరి గారు గౌరవ పోషకురాలు. మల్కాపురంనుంచి వచ్చిన వాస్తు సలహాదారు గోపి సాంకేతిక నిపుణుడు. ఇంకా పదిహేనుమంది సభ్యులు. వరహాలుకు సంఘంలో చోటు ఇవ్వలేదు. బండి ఆయనది కావడంవల్ల నిష్పక్షపాతంగా ఉండలేరని తేలింది. అయితే ఆయన సేవలను పూర్తిగా వదులుకోకుండా 'ప్రత్యేక ఆహ్వానితుడు' అనే హోదా కల్పించి, కుర్చీలు వేసే బాధ్యత అప్పగించారు. బజ్జీల బాధ్యత జోగమ్మకు హోదా లేకుండానే దక్కింది.

మొదటి మూడు సమావేశాలు దీన్ని సంఘం అనాలా కమిటీ అనాలా అన్నదానిమీద జరిగాయి. నాలుగోది రబ్బరు స్టాంపు గుండ్రంగా ఉండాలా కోలగా ఉండాలా అన్నదానిమీద జరిగి, అసంపూర్ణంగా ముగిసింది. ఐదో సమావేశంలో ఎవరో పొరపాటున కంట్రోలర్ ప్రస్తావన తెచ్చారు. అజెండాలో లేని అంశమని చైర్మన్ మందలించారు.

ఈలోగా విషయం ప్రజల్లోకి వెళ్లింది. కాలనీ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. పీడబ్ల్యూఎం అంటే ఏమిటో తెలియనివాళ్లు దాన్ని సమర్థించారు. ఎంపీపీటీ అంటే ఏమిటో తెలియనివాళ్లు దాన్ని సమర్థించారు. అచ్యుతాపురంలో కరెంటు పనే చేసుకునే ఒకాయన ఆ రెంటికీ తేడా ఏమిటో నాలుగు ముక్కల్లో రాస్తే, వాతావరణం పాడుచేస్తున్నాడని రెండు వర్గాలూ మొదటిసారి ఏకమై ఆయన్ని తీసేశాయి. 'పీ' వర్గంవాళ్లు 'ఎం' వర్గంవాళ్ల మిల్లులో పిండి ఆడించడం మానేశారు. వినాయక చవితికి రెండు పందిళ్లు వెలిశాయి. ఒక వినాయకుడి చేతిలో ఉండ్రాళ్ల బదులు నల్లడబ్బా, రెండో వినాయకుడి చేతిలో నీలండబ్బా. రెండు డబ్బాలూ ఖాళీవే. నిమజ్జనం మాత్రం ఒకే లారీలో జరిగింది, డ్రైవరు ఏ వర్గానికీ చెందడు గనుక.

వరహాలు ఆ రోజుల్లో చాలా సంతోషంగా ఉన్నాడని ఒప్పుకోవాలి. కూరగాయలకు వెళ్లినా జనం ఆపి, "ఏటి బావా, ఎంతవరకూ వచ్చింది?" అని అడిగేవారు. ఆయన గొంతు సవరించుకుని, "ఇంకా పరిశీలనలో ఉంది," అనేవాడు. పరిశీలనలో ఉన్నంతకాలం తనూ వెలుగులో ఉంటాడని ఆయనకు ఎక్కడో తెలుసు. తెలిసిన సంగతి జోగమ్మకు తెలియకుండా జాగ్రత్తపడ్డాడు. ఆవిడకు అంతకుముందే తెలుసు.

అక్టోబరులో బండికి శంకుస్థాపన జరిగింది. కదిలే వస్తువుకు శంకుస్థాపన ఏమిటని ఒకరిద్దరు గొణిగారు గానీ, శిలాఫలకం అప్పటికే చెక్కించేశారు. నల్లరాయి మీద బంగారు అక్షరాలు, పద్దెనిమిది పేర్లు. దాన్ని బస్సు తలుపుకి సిమెంటుతో అతికించారు. అప్పటినుంచి ఆ తలుపు తెరుచుకోలేదు. బండి ఎక్కవలసినవాళ్లు డ్రైవరు వైపునుంచి స్టీరింగు కిందుగా దూరి వెళ్లేవారు. బండి పక్కనే శాశ్వత ప్రాతిపదికన ఒక షామియానా వేసి, దాని తాళ్లు బస్సు కిటికీ చువ్వలకే కట్టారు.

కామేశ్వరి గారు ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడారు. "సూర్యుడు అందరివాడు," అన్నారు. "ఆయనకు కులం లేదు, వార్డు లేదు. అయినా మన జ్వాలానగర్ అంటే ఆయనకున్న ప్రత్యేకాభిమానం మే నెలలో మీరందరూ కళ్లారా చూశారు. అలాంటి మహానుభావుడు మన బ్యాటరీలోకి ప్రవేశించబోతున్న వేళ, ఏ డబ్బా పడితే ఆ డబ్బా ద్వారా రమ్మనడం మన సంస్కారమేనా అని నేను సూటిగా ప్రశ్నిస్తున్నాను." సభ చప్పట్లతో మారుమోగింది. వరహాలు కూడా కొట్టాడు. తన బ్యాటరీ ఇంత గొప్పదని ఆయనకు అంతవరకూ తెలియదు.

తర్వాతి నెలలో సాంకేతిక నిపుణుడు గోపి తన అభిప్రాయం సమర్పించాడు. కరెంటు అగ్ని స్వరూపం కాబట్టి కంట్రోలర్ ఆగ్నేయ మూలలోనే ఉండాలి. బండి మలుపు తిరిగితే ఆగ్నేయమూ తిరుగుతుంది. కాబట్టి బండి ఎప్పుడూ తూర్పు ముఖంగానే నడవాలి. విశాఖపట్నంలో ఆపకుండా తూర్పుకు నడిస్తే పది కిలోమీటర్లలో సముద్రం వస్తుందని వరహాలు భయపడుతూ మనవి చేశాడు. దాన్ని 'అమలులో ఎదురయ్యే చిన్నచిన్న ఇబ్బందులు' అనే శీర్షిక కింద నమోదు చేసుకున్నారు.

డిసెంబరు వచ్చింది. చలిలో సోలార్ ప్యానెళ్ల వోల్టేజి కాస్త పెరుగుతుందని కృష్ణంరాజు గారు ఎక్కడో చదివారు. అది నిజమే. కానీ చలి అంటే ఎంత, పెరగడం అంటే ఎంత, క్షేత్రస్థాయిలో చూడకుండా సంతకం ఎలా పెడతారు? సంఘం అధ్యయన యాత్రకు తీర్మానించింది. చలి ఎక్కడుంది? లంబసింగిలో ఉంది. ఒక ఏసీ బస్సు మాట్లాడారు.

ఈ మాట చెవిన పడగానే జోగమ్మ కాళ్లకు కొత్త సాక్సులు కొనుక్కుంది. బయలుదేరే రోజు స్టీలు టిఫిన్ క్యారియరు పట్టుకుని బస్సు దగ్గరకు వచ్చింది.

కృష్ణంరాజు గారు ఎంతో మర్యాదగా అడ్డొచ్చారు. "అమ్మా, మీరు ఏమీ అనుకోకూడదు. సభ్యుల కుటుంబాలను తీసుకెళితే అధ్యయనం కాస్తా విహారయాత్ర అయిపోతుంది. నలుగురూ నాలుగు మాటలంటారు."

బస్సులో కిటికీల పక్కన అప్పటికే సభ్యుల భార్యలు, అల్లుళ్లు, మనవలు కూర్చుని ఉన్నారు. వాళ్లు కుటుంబసభ్యులు కారు. చలి గణాంకాలు సేకరించే సిబ్బంది. జాబితాలో అలాగే రాసి ఉంది. వరహాలు బండి సొంతదారు కాబట్టి ఆయన భార్యను సిబ్బందిగా చూపిస్తే నిష్పక్షపాతం దెబ్బతింటుంది.

వరహాలు బస్సు మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. దిగిపోవచ్చు. దిగాలనే అనుకున్నాడు. ఇంతలో ఎవరో "ప్రత్యేక ఆహ్వానితులు ముందు సీట్లోకి రావాలి," అని పిలిచారు. ముందు సీటు! ఆయన వెళ్లి కూర్చున్నాడు. బస్సు కదిలాక అద్దంలోంచి చూస్తే, జోగమ్మ క్యారియరు పట్టుకుని అక్కడే ఉంది.

లంబసింగిలో చలి ఉన్నట్టు సంఘం వణకడం ద్వారా ధ్రువీకరించుకుంది. వెదురుబొంగు చికెన్ మీద మూడుసార్లు క్షేత్ర పరిశీలన జరిగింది. ప్యానెల్ తీసుకురావడం మరిచిపోయినందువల్ల వోల్టేజి కొలవలేదు. పొద్దున్న మంచులో అందరూ ఫోటోలు దిగుతుంటే వరహాలు ఒక పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. రెండడుగుల అవతల చెట్టు కనిపించడం లేదు. పళ్లు టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ టీ పారబోశాడు. ఫోన్ తీసి ఒక ఫోటో తీశాడు. ఇంటికి ఒక స్ట్రాబెర్రీల డబ్బా కొన్నాడు.

జోగమ్మ ఆ ఫోటో చాలాసేపు చూసింది. తెల్లగా ఉంది, ఇంకేమీ లేదు.

"ఇదేటి?"

"మంచు."

"నాకేటీ అవుపడ్డం లేదు."

"మంచంటే అదే మరి. ఏటీ అవుపడదు."

ఆవిడ ఒక స్ట్రాబెర్రీ నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "పుల్లగున్నాయి," అని డబ్బా పక్కన పెట్టింది. తర్వాత బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండానే అంది: "ముప్పై మూడేళ్లు నీ షిఫ్టు అయ్యేదాకా కూకున్నాను. ఇప్పుడు నీ కమిటీ అయ్యేదాకా కూకోమంతన్నావ్. బాగుంది. కూకుంతాను. కూకోడం నాకు అలవాటే."

తిట్టి ఉంటే వరహాలు తట్టుకునేవాడు. తిట్లకు ఆయన దగ్గర ముప్పై మూడేళ్ల అనుభవం ఉంది. దీనికి లేదు. ఖాళీ గ్లాసు కడిగి బోర్లించాడు. మళ్లీ తీసి మళ్లీ కడిగాడు.

పైన చెప్పిన ఫ్లెక్సీ కట్టింది ఆ తర్వాత మూడు వారాలకు. వరహాలు నిచ్చెన తిరిగి తెచ్చుకుని ఇంట్లోకి వచ్చేసరికి జోగమ్మ లేదు. బజారుకు వెళ్లిందేమో అనుకున్నాడు. రెండు గంటలయ్యాక కూరగాయల సంచీతో వచ్చి, వంకాయలు తీసి పక్కన పెట్టి, కొత్తిమీర తీసి పక్కన పెట్టి, అడుగునుంచి ఒక నీలం డబ్బా తీసి భోజనాల బల్ల మీద పెట్టింది.

వరహాలు దాన్ని చూసి, పాము కనబడ్డట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇదేటి?"

"డబ్బా. మీ యమ్మ."

"ఎక్కడిది?"

"మొహియుద్దీన్ అన్నయ్య కొట్లోది. ఎల్లి అడిగినాను: అన్నయ్యా, మా ఆయనకి ఏదో ఎట్టుకోమన్నావంట, అదియ్యి అని. పదకొండు నెల్లనుంచీ నీ పేరు రాసి పక్కనెట్టున్నాడు. మీద దుమ్ము దులిపి ఇచ్చినాడు. ఆళ్లావిడ రసూల్ బీ టీ ఎట్టింది. టీ అవ్వలేదు, పని అయిపోనాది."

"జోగీ, అలగ కొనకూడదే. ఇంకా ఉపసంఘం నివేదిక రావాల. మూడు కంపెనీల తులనాత్మక పట్టిక..."

"నీకు క్రేను మీద ఎవులు పట్టిక ఇచ్చినారు?"

వరహాలు బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా, చల్లగా ఉంది. మరలు బిగించే చోట్లు చక్కగా కనిపిస్తున్నాయి. ఆయన చేతులకు ఒక అలవాటు ఉంది. చెయ్యవలసిన పని ఎదురుగా కనిపిస్తే బుర్రను అడగవు. స్క్రూడ్రైవరు తీసుకుని, స్టీరింగు కిందుగా దూరి, బండిలోకి వెళ్లాడు. ముందు బ్యాటరీ వైరు. తర్వాత ప్యానెల్ వైరు. నలభై నిమిషాలకు డబ్బా మీద పచ్చలైటు వెలిగింది. ఫ్యాను మీట నొక్కితే ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ చిన్నగా మూలిగి పని మొదలుపెట్టింది. వరహాలు మంచం మీద కూలబడి, పెద్ద కుండను క్షేమంగా దించిన రోజుల్లో లాగా, కాసేపు ఊరికే ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. అయినా బాగానే ఉంది, ఆశ్చర్యంగా.

మర్నాడు పొద్దున్న పదింటికి, అందరూ ఆఫీసులకూ నిద్రలకూ వెళ్లాక, బండి కదిలింది. షామియానా తాళ్లు విప్పడం ఇద్దరూ మరిచిపోయారు. అది కూడా లేచి వెంట వచ్చింది. లంకెలపాలెం జంక్షన్లో కానిస్టేబులు, పసుపు ఎరుపు గుడ్డలు ఎగరేసుకుంటూ, పద్దెనిమిది పేర్ల శిలాఫలకంతో వస్తున్న ఆ వాహనాన్ని చూసి, ఎవరో పెద్దవాళ్ల ప్రచార రథం అనుకుని మిగతా బళ్లన్నీ ఆపి సెల్యూట్ కొట్టాడు. జోగమ్మ కిటికీలోంచి ఆయనకు నమస్కారం పెట్టింది.

లంబసింగిలో వాళ్లు రెండు రాత్రులు ఉన్నారు. మొదటి పొద్దున్న జోగమ్మ సాక్సులు, స్వెట్టరు, దాని మీద వరహాలు స్వెట్టరు వేసుకుని బండి దిగింది. పది అడుగులు వేసి మంచులో మాయమైంది. వరహాలు కంగారుగా, "జోగీ, ఎక్కడున్నావ్?" అని అరిచాడు.

"ఇక్కడే!" అని తెల్లదనంలోంచి కేక వచ్చింది. "ఇను! ఇంతన్నావా?"

ఆయన చెవి పెట్టి విన్నాడు. ఆవిడ పళ్లు టకటకలాడుతున్నాయి. మధ్యమధ్యలో నవ్వు. వరహాలు అక్కడే డ్రైవరు వైపు మెట్టు మీద కూర్చుని, ఆ చప్పుడు వింటూ, బండిలో మిక్సీ తిప్పడానికి ఇంకా కొబ్బరి కోరలేదన్న సంగతి మరిచిపోయాడు.

తిరిగొచ్చేసరికి కాలనీలో పరిస్థితి గంభీరంగా ఉంది. ప్రజాస్వామ్యబద్ధంగా, పారదర్శకంగా, పద్దెనిమిది మంది పదకొండు నెలలు శ్రమించి సాగిస్తున్న ప్రక్రియను ఒక ఇల్లాలు కూరగాయల సంచీతో కూల్చేసిందని అందరూ బాధపడ్డారు. 'పీ' వర్గం, 'ఎం' వర్గం తమ విభేదాలు పక్కనపెట్టి ఉమ్మడిగా ఖండించాయి. ఆ డబ్బా 'ఎం' రకానిదే అయినా 'ఎం' వర్గం సంతోషించలేదు. గెలుపు పద్ధతిగా రావాలి గానీ ఇలా రాకూడదన్నారు. షామియానా నష్టం మీద వేరే విచారణకు ఆదేశించారు.

ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలులో సంఘం తుది నివేదిక ఆవిష్కరణ సభ. వరహాలు దంపతులకు వెనక వరసలో కుర్చీలు వేశారు. ఈసారి కుర్చీలు వేరేవాళ్లు వేయాల్సి వచ్చింది, అందుకని వంకరగా ఉన్నాయి. నివేదిక రెండువందల పద్నాలుగు పేజీలు, అట్ట మీద ఉదయిస్తున్న సూర్యుడు. కృష్ణంరాజు గారు మైకు ముందుకు వచ్చారు.

"ప్రధానమైన లోపం నేను మొదటి రోజే గమనించాను," అన్నారు. "ఈ మొత్తం వ్యవహారంలో కరెంటు సరఫరాదారు ఒక్కడే. సూర్యుడు. రెండో దరఖాస్తు లేదు. పోటీ లేదు. ఒకే సరఫరాదారు ఉన్నప్పుడు కొనుగోలు జరపడం నిబంధనలకు విరుద్ధం. కనుక మరో అర్హుడైన సూర్యుడు ముందుకు వచ్చేవరకు కంట్రోలర్ కొనుగోలును వాయిదా వేయాలని మా సంఘం ఏకగ్రీవంగా..."

అంతలో కరెంటు పోయింది. మైకు మూగబోయింది. హాలు చీకటైంది. పిల్లలు సంబరంగా కేకలేశారు. హాలు జనరేటరు కొనుగోలు నాలుగేళ్లుగా పరిశీలనలో ఉన్నందువల్ల అందరూ సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పది నిమిషాలు గడిచాయి. వెనక వరసలో జోగమ్మ వరహాలు మోచేతిని పొడిచింది.

"ఎల్లు."

"నానెందుకు? నన్నే కదా తిడతన్నారు."

"తిట్టనీ. సీకట్లో ముసిలోళ్లు కూకున్నారు, ఎవులైనా పడిపోతారు. ఎల్లు."

వరహాలు లేచి వెళ్లి, బండిని హాలు కిటికీ పక్కకు తెచ్చి ఆపి, ఇన్వర్టరునుంచి ఒక వైరు లోపలికి లాగాడు. ఆ వైరుకు నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, మైకు తగిలించాడు. పగలంతా ఎండలో నిండిన బ్యాటరీ ఆ బరువును లెక్కచేయలేదు. హాలు వెలిగింది. జనం ఆనందంతో చప్పట్లు కొట్టారు. కృష్ణంరాజు గారు కళ్లజోడు సర్దుకుని, మైకును ఒకసారి తట్టి చూసి, గొంతు సవరించుకున్నారు.

"నేను చెప్పేదేమిటంటే," అన్నారు, "అక్రమంగా కొన్న ఆ కంట్రోలర్ పనిచెయ్యదు. పనిచేసే అవకాశమే లేదు."

మైకు ఖంగుమని మోగింది. వెనక వరసలవరకూ స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత ఆయన గంటా ఇరవై నిమిషాలు మాట్లాడారు. కామేశ్వరి గారు నలభై నిమిషాలు. గోపి ఆగ్నేయం గురించి పావుగంట. ఒక్కసారి కూడా గొంతు తెగలేదు, దీపం తగ్గలేదు. వరహాలు కిటికీ అవతల బండి మెట్టు మీద కూర్చుని, పచ్చలైటు వైపు చూస్తూ, తనను ఖండించే తీర్మానాన్ని మొదటినుంచి చివరివరకూ విన్నాడు. చేతులెత్తమన్నప్పుడు హాలంతా చేతులెత్తింది. తీర్మానం నెగ్గింది. జాతీయగీతం పాడారు, వరహాలు లేచి నిలబడ్డాడు.

సభకు మూడువందల మంది వచ్చారు. అందులో ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు, ముగ్గురు లాయర్లున్నారు, ఒక విలేకరి ఉన్నాడు. బయట వీధి వీధంతా చీకటిగా ఉంటే ఈ మైకు ఎలా పలుకుతోందని వాళ్లలో ఒక్కరూ అడగలేదు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. స్పష్టంగా వినిపిస్తున్న ఉపన్యాసాన్ని ఆపి, దీనికి కరెంటు ఎవరిస్తున్నారని అడిగినవాణ్ని మీరు మాత్రం ఎన్నడైనా మీ పక్క కుర్చీలో కూర్చోనిచ్చారా?